వర్లీన్ పోసిన ఆయిల్

వర్లీన్ స్ట్రూప్‌కు కోపమొస్తే నోరు చేసుకునేది కాదు. చేతిలో పని ఆపేసి, స్పానర్లన్నీ గుడ్డతో తుడిచి, చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా బల్ల మీద వరసగా పేర్చడం మొదలుపెట్టేది. ఆ పేర్చడం చూసి షెడ్డులో కబుర్లాడుతున్న మగవాళ్లు ఒక్కొక్కరే టోపీలు సర్దుకుని బయటికి జారుకునేవారు. లింకన్ కౌంటీలో రేసుకార్లతో సంబంధమున్న వాళ్లలో ఆ వరస చూడనివాళ్లు తక్కువ. ఆవిడకెందుకింత కోపమని వెనక గొణుక్కున్నవాళ్లే గాని, ఎదురుగా అడిగిన మొనగాడు లేడు.

ఆ కోపం పుట్టింది కూడా ఆ షెడ్డులోనే. వాళ్ల నాన్న ఓడెల్ స్ట్రూప్ వయసులో ఉన్నప్పుడు శనివారం శనివారం మట్టి ట్రాకుల మీద కార్లు తోలినవాడు. గెలిచిన కప్పులు వంటింటి బీరువా నిండా ఉండేవి. కూతురి వేళ్లు సన్నగా ఉన్నాయని, ఇంజను లోపలి పనికి పనికొస్తాయని, చిన్నప్పుడే ఆమెను బల్ల దగ్గర నిలబెట్టాడు. పిస్టన్లు కిరసనాయిలులో కడగడం, బేరింగులు తుడిచి అందించడం, నట్లు సరిగ్గా ఎంత బిగించాలో చేతితో తెలుసుకోవడం, అన్నీ ఆమెకు అక్కడే వచ్చాయి. కొడుకు రాయిస్ ఆమెకంటే ఆరేళ్లు చిన్న. వాడి కాళ్లు పెడళ్లకు అందగానే ఓడెల్ వాణ్ని సీట్లో కూర్చోబెట్టాడు. షెడ్డు మీదికి ‘ఓడెల్ స్ట్రూప్ అండ్ సన్’ అని రాసిన రేకు బోర్డు ఎక్కించిన రోజు కింద నిచ్చెన పట్టుకున్నది వర్లీన్.

బడి అయ్యాక ఆమె మూర్స్‌విల్ వెళ్లి ఒక పెద్ద రేసు జట్టు ఇంజన్ల గదిలో పనికి కుదిరింది. ఆ గదిలో దుమ్ము ఉండేది కాదు. తెల్ల కోట్లు వేసుకుని, వెంట్రుకలో ఎన్నో వంతు సందును కొలిచేవారు. ఇంజను లోపల తిరిగే క్రాంక్ షాఫ్టు ఇరుసుకూ దాన్ని పట్టుకునే బేరింగుకూ మధ్య ఉండే ఆ సందే ఇంజను ప్రాణమని ఆమె అక్కడ నేర్చుకుంది. ఇనుము ఇనుముకు తగలకుండా ఆ సందులో నిలబడేది ఆయిల్ పొర ఒక్కటే. సందు వెడల్పుగా ఉండి, ఇంజను బాగా వేడెక్కితే పలుచటి ఆయిల్ పొర చిరుగుతుంది. సందు బిగుతుగా ఉండి, ఇంజను చల్లగా ఉంటే చిక్కటి ఆయిల్ సమయానికి అందులోకి దూరదు. రెండు చుట్లు తిరిగి వచ్చే పరుగుకు ఆ జట్టువాళ్లు నీళ్లలాంటి ఆయిల్ పోసేవారు. మధ్యాహ్నమంతా సాగే రేసుకు అదే కారులో వేరే ఆయిల్. ఏ ఆయిల్ మంచిదని అక్కడ ఎవరూ అడిగేవారు కాదు. ఏ ఇంజనుకు, ఏ ఎండలో, ఎంతసేపని అడిగేవారు.

ఆ జట్టు మూతబడ్డాక వర్లీన్ మళ్లీ నాన్న షెడ్డుకు వచ్చింది. అప్పటికి ఓడెల్ చేతులు వణకడం మొదలైంది. తర్వాత ఆ షెడ్డు నుంచి బయటికి వెళ్లిన ప్రతి ఇంజనూ ఆమె కట్టిందే. గెలిచిన వాళ్లు మాత్రం ఓడెల్ భుజం తట్టి వెళ్లేవారు. ‘ఓడెల్ ఇంజను’ అనేవారు. ఆయన కాదనేవాడు కాదు. ఆమె స్పానర్లు తుడిచేది.

తండ్రీ కూతుళ్లకు అన్నిటికంటే ఎక్కువగా ఆయిల్ దగ్గరే చెడేది. ఓడెల్ జీవితమంతా 20-50 అంకెలున్న చిక్కటి ఆయిలే పోశాడు. అది చాలదన్నట్టు పైన ఒక డబ్బా చిక్కబరిచే మందు కూడా కలిపేవాడు. ఆయిల్ బెల్లం పాకంలా గరిటెకు అంటుకోవాలి, అప్పుడే ఇంజను నిలుస్తుందనేవాడు. ఆయన కాలం ఇంజన్లకు అది నిజమేనని వర్లీన్ కూడా ఒప్పుకునేది. వాటి బేరింగుల సందులు వదులు. జులై ఎండలో, మట్టి దుమ్ములో, చీకటి పడేదాకా తిరిగిన కార్లవి. కానీ ఆయన దాన్ని ఆ కార్లతో వదిలిపెట్టలేదు. గడ్డి కోసే యంత్రానికి కూడా అదే పోసి ఒకదాన్ని పాడుచేశాడు, ఆ నింద గడ్డి మీదికి నెట్టాడు.

రాయిస్‌కు నలభై దాటాక మట్టి ట్రాకుల మీద మొహం మొత్తి, కొండెక్కే పోటీల మీదికి మనసు పోయింది. ఏప్రిల్లో బ్రష్ నాబ్ కొండ మీద జరిగే పోటీకి వెళ్తానన్నాడు. కింద నుంచి పైకి ఒక్కొక్క కారే వెళ్లాలి. అన్నీ మలుపులు. రెండు మూడు నిమిషాల్లో అయిపోయే పరుగు. అరవైల నాటి తేలికైన రెండు తలుపుల కారొకటి సంపాదించి తెచ్చి, అక్క ముందు పెట్టి, నువ్వే కట్టాలన్నాడు. ఆ శీతకాలమంతా వర్లీన్ ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజను మీదే కూర్చుంది. సందులు బిగుతుగా పెట్టింది. శక్తి వృథా కాకుండా చిన్న ఆయిల్ పంపు పెట్టింది. అందులో పోయడానికి 5-20 తెచ్చింది. ఆ అంకెల్లో మొదటిది చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెబుతుంది, రెండోది వేడిలో ఎంత నిలబడుతుందో చెబుతుంది. ఈ కారు మంచులో వరసలో నిలబడి, పిలవగానే ఒక్కసారిగా పైకి దూకాలి. ఆయిల్ బాగా కాగేలోపే పరుగు అయిపోతుంది. కాగని 20-50 ఆ బిగుతు సందుల్లోకి ఎక్కేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకే పలుచటిది.

ఓడెల్ ఆ డబ్బా ఎత్తి చెవి దగ్గర ఊపి చూశాడు.

“ఇది మీ అమ్మ కుట్టు మిషన్లో పోసేది కదే” అన్నాడు.

షెడ్డులో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. రాయిస్ కూడా నవ్వాడు. వర్లీన్ ఆ డబ్బా ఆయన చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. బల్ల దగ్గరికి వెళ్లి గుడ్డ తీసుకుంది.

పోటీకి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, అలవాటు కోసం పరుగులు పెట్టారు. ఎండ బాగానే కాసింది. రాయిస్ తన తరగతి కార్లన్నిటి కంటే ముందున్నాడు. కిందికి దిగివచ్చి, గుడారం దగ్గర కారు నిలబెట్టి, ఇంజను ఆపకుండా మీటరు చూసుకుంటే ఆయిల్ ప్రెషర్ ముల్లు బాగా కిందికి పడిపోయి ఉంది. అక్కను పిలిచాడు. అప్పుడే ఆమె మోచెయ్యి పొగ గొట్టానికి తగిలి చుర్రుమంది.

“అక్కా, ముల్లు పడిపోతోంది చూడు” అన్నాడు.

“తొక్కినప్పుడు ఎక్కడుంది?”

“తొక్కినప్పుడు పైనే ఉంది. ఇప్పుడు...”

“మరింకేం. నీ పని తొక్కడం. తొక్కు.”

ఇంజను ఊరికే తిరిగేటప్పుడు బేరింగుల మీద బరువుండదని, అప్పుడు ప్రెషర్ తక్కువున్నా ఫరవాలేదని, వేగం పెరిగేకొద్దీ ముల్లు పైకెక్కుతోందా లేదా అన్నదే చూసుకోవాలని ఆమె చెప్పలేదు. చెప్పడానికి నిమిషం పట్టేది. మోచేతి మీద ఐసుముక్క పెట్టుకుని, బ్రేకు సామాను కోసం కొండ కింద ఊరికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి ఓడెల్, రాయిస్ ట్రక్కు వెనక తలుపు మీద కూర్చుని పంది కార్జంతో చేసే లివర్‌మష్ బ్రెడ్డులో పెట్టుకుని తింటున్నారు. ఇద్దరూ ఆమె వైపు చూడలేదు. అలిగారనుకుంది.

తెల్లారేసరికి కారు అద్దాల మీద మంచు గడ్డకట్టింది. ఎప్పుడూ ఇంజనును వేడి చేసేది వర్లీనే. రేడియేటరు నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, ఆయిల్ వాటి వెనక నింపాదిగా వస్తుంది, అందుకని ఆయిల్ వేడి చూపే ముల్లు కదిలేదాకా ఎవరినీ తొక్కనిచ్చేది కాదు. ఆ పొద్దున మాత్రం ఓడెల్ వచ్చి, పైన ఆగేచోట బ్రేకులు చూసే మనిషి కావాలి, నువ్వు పైకి వెళ్లమన్నాడు. ఆయన తనంతట తానుగా ఆమెకొక పని అప్పగించడం అరుదు. వెళ్తూ వెళ్తూ ఆమె రాయిస్‌తో, ఆయిల్ వేడెక్కేదాకా ఇంజను వేగం నిమిషానికి మూడు వేల చుట్లు దాటించొద్దని చెప్పింది. వాడు చేతి తొడుగుల కేసి చూస్తూ తలూపాడు.

పైన గాలి కోస్తోంది. ముందు వెళ్లాల్సిన కారొకటి మొరాయించడంతో నిర్వాహకులు రాయిస్‌ను అనుకున్నదానికంటే ముందే పిలిచారు. ఆ సంగతి వర్లీన్‌కు తెలియదు. కింద నుంచి తను కట్టిన ఇంజను గొంతు వినబడగానే గుర్తుపట్టింది. మొదటి మలుపు, రెండో మలుపు. ఎదర చిన్న తిన్నటి దారి. అక్కడ రాయిస్ పూర్తిగా తొక్కాడు. గొంతు ఏడు వేలకు ఎక్కింది. ఉన్నట్టుండి లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకమని చప్పుడొచ్చింది. తర్వాత టైర్ల అరుపు. తర్వాత ఏమీ లేదు.

ఆమె దారి వెంట కిందికి పరుగెత్తింది. మూతి మట్టిగట్టులో దిగబడి కారు అడ్డంగా ఉంది. ఇంజను పక్కన బొక్కపడి కక్కిన ఆయిల్ దారి పొడవునా పరుచుకుంది. రాయిస్‌ను బయటికి లాగి గడ్డిలో పడుకోబెట్టారు. మెడ కింది ఎముకా, రెండు పక్కటెముకలూ విరిగాయి. ప్రాణానికి భయం లేదన్నారు. అంతలో ఓడెల్ వచ్చాడు. చుట్టూ కొండవాళ్లు, పోటీకి వచ్చినవాళ్లు, వాళ్ల పెళ్లాం పిల్లలు నిలబడి ఉన్నారు.

“ఇంజన్లో నీళ్లు పోసింది” అన్నాడు అందరికీ వినబడేలా. “నీళ్లు పోసి నా కొడుకుని చంపబోయింది.”

స్ట్రెచర్ మీద రాయిస్ కళ్లు మూసుకున్నాడు. నొప్పికనుకుంది.

కారును ఓడెల్ తన గొడ్ల కొట్టంలో పెట్టించి, మీద పట్టా కప్పి, తాళం వేశాడు. ఇంకెవరూ దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు. కొండ మీద అన్న మాట ఆమెకంటే ముందే ఊరు చేరింది. మంగలి షాపులో, విడిభాగాల కొట్టులో, చర్చి మెట్ల మీద అదే కబురు. ఎవడో ఒక తాగేనీళ్ల సీసా మీద 5-20 అని రాసి షెడ్డు గుమ్మంలో పెట్టి పోయాడు. కట్టడానికి ఇచ్చిన ఇంజన్లను ఇద్దరు ముగ్గురు సగం పనిలోనే వెనక్కి తీసుకుపోయారు. ఒకడైతే మొహం చూపించలేక పెళ్లాన్ని పంపాడు.

తప్పు తనదేమో వర్లీన్‌కే తెలియలేదు. బేరింగులు కూర్చిన రోజు మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు తెచ్చుకుంది. సందు తప్పు కొలిచానా? పొర చిరిగేంత వేడెక్కిందా? పాతికేళ్లు నమ్మిన వేళ్లను అనుమానంగా చూసుకుంది. చర్చి రోజున చికెన్ సూపు పట్టుకుని రాయిస్ దగ్గరికి వెళ్లేది. కట్టుకట్టిన చెయ్యి ఆడదు కాబట్టి తనే తాగించేది. వాడు తాగేవాడు. తల దించుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగేవాడు.

మే నెలలో థర్మన్ బీమ్ షెడ్డుకు వచ్చాడు. ఊరికి ఆ చివర లేతు పని చేస్తాడు. బ్రష్ నాబ్ వరసలో రాయిస్ వెనక కారు ఆయనదే. మాట్లాడటం తక్కువ. గుమ్మంలో నిలబడి కాసేపు టోపీ తిప్పుకున్నాడు.

“ఒక సంగతి నాకు మింగుడు పడటం లేదు వర్లీన్” అన్నాడు. “ఆ పొద్దున మీ వాడు స్టార్టు చేసినప్పుడు కిటికీలోంచి వాడి మీటరు చూశాను. ప్రెషర్ ముల్లు పైకెక్కి, ఆ చివర దాన్ని ఆపే మేకుకు కొట్టుకుంటోంది. నీ పలుచటి ఆయిలుకు అంత ప్రెషర్ ఎక్కడిది?”

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

“మేకు దాకా వెళ్లిందా?”

“వెళ్లింది. మీ నాన్న దాన్ని చూసి రాయిస్ వీపు తట్టాడు. చూశావా ముల్లు, అన్నాడు.”

చలిలో ముల్లు అంత పైకి లేచిందంటే లోపల ఆయిల్ కదలడం లేదని అర్థం. పారని దాన్ని పంపు తోస్తోంది, అది ఎదురు తంతోంది. పైకి చూసేవాడికి ఇంజను బలంగా ఉన్నట్టు కనబడుతుంది. బేరింగుల దగ్గర మాత్రం కరువు. వర్లీన్ బోల్టులు కోసే పెద్ద కత్తెర, చేతికందిన రెండు స్పానర్లు తీసుకుని ట్రక్కు ఎక్కింది. థర్మన్ వెనకాలే వచ్చాడు గాని, కొట్టం బయటే ఆగిపోయాడు.

తాళం తెగింది. పట్టా లాగి, కారును జాకీ మీద ఎత్తి, కిందికి దూరి డ్రెయిన్ బోల్టు విప్పింది. ఇంజనుకు బొక్కపడ్డా అడుగున ఇంకా కొంత మిగిలే ఉంది. తను పోసిందైతే ఆ ఎండకు కుళాయి విప్పినట్టు దూకాలి. ఇది లావుపాటి తాడులా, తీరిగ్గా, తెగకుండా దిగింది. వేళ్ల మధ్య పట్టి సాగదీస్తే తీగ సాగింది. వాసన చూడక్కర్లేదు, అయినా చూసింది. నాన్న కలిపే మందు వాసన. చిన్నప్పటి నుంచి ఆయన చొక్కాలకు, స్టీరింగుకు, అన్నం బల్లకు పట్టిన వాసన. తర్వాత అడుగు పళ్లెం ఊడదీసి పంపును చూసింది. పంపును తిప్పే సన్నటి ఇరుసు జంతికలా మెలితిరిగి తెగి ఉంది. ఆ పాకాన్ని తోయలేక తోయలేక తెగింది. అది తెగాక ఏడు వేల వేగంలో బేరింగులకు చుక్క ఆయిల్ లేదు.

ముందు ఆమెకు ఎక్కడలేని ఊరట కలిగింది. నేను కాదు, అనుకుంది. మట్టినేల మీద కారు కింద అలాగే పడుకుని ఆ మాట రెండు మూడుసార్లు అనుకుంది. ఆ తర్వాత, ఇన్నాళ్లు తనను ఈ ఒక్క మాట కోసం ఇలా మాడ్చినందుకు కోపం మొదలైంది. తల దించుకుని సూపు తాగిన రాయిస్ మొహం గుర్తొచ్చేసరికి అది రెట్టింపైంది. కొట్టంలో పేర్చడానికి ఆ రెండు స్పానర్లే ఉన్నాయి. ఒక ఖాళీ గాజు సీసా వెతికి, కారిన దాన్ని అందులో పట్టింది.

ఆదివారం చర్చి అయ్యాక ఓడెల్ ఇంట్లో భోజనం. బల్ల మీద వేయించిన కోడి, చిక్కుడుకాయలు, మెత్తటి రొట్టెల్లాంటి బిస్కెట్లు ఉన్నాయి. వర్లీన్ ఆ సీసా తెచ్చి కోడి పళ్లెం పక్కన పెట్టింది. లోపల నల్లటి ఆయిల్ సీసా గోడను వదలకుండా నెమ్మదిగా జారింది.

“ఇదేంటి నాన్నా?”

ఓడెల్ సీసాను చూశాడు. బిస్కెట్టు తుంచుకున్నాడు. “ఆయిల్” అన్నాడు.

“ఎవరు పోశారు?”

“నేనే పోశా. ముల్లు పడిపోతోందని వాడు హడలిపోయి నా దగ్గరికొచ్చాడు. చూస్తూ కూర్చోమంటావా? నా జన్మంతా ఇదే పోశాను. ఒక్క ఇంజనూ పోలేదు.”

“నీ ఇంజన్లలో వేలు దూరేంత సందు ఉండేది. నేను కట్టింది అది కాదు. పోసింది నువ్వైతే, నీళ్లు పోసి చంపబోయిందని నన్నెలా అన్నావు?”

“అప్పుడు కోపంలో అన్నాను.”

“ఆ తర్వాత ఇన్ని వారాలు? అది కూడా కోపమేనా?”

ఓడెల్ కోడి పళ్లెం తన వైపు జరుపుకున్నాడు. వర్లీన్ రాయిస్ వైపు తిరిగింది. వాడు కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“చెబుదామనే అనుకున్నానక్కా.”

“నా చేత్తో సూపు తాగేటప్పుడా?”

“నిన్ను అడిగాను కదా ఆ రోజు” అన్నాడు వాడు. “ముల్లు ఎందుకు పడిపోతోందని అడిగాను. తొక్కు, అన్నావు. ఆ కారులో కూర్చునేది నేను. నిన్ను ఏది అడగాలన్నా భయమేస్తుంది. కరుస్తావు. నాన్నను అడిగితే కనీసం ఏదో ఒకటి చెబుతాడు.”

ఆ మాట సూటిగా తగిలింది. అది నిజమైనందుకు ఆమెకు ఇంకా మండింది. మీ ఇద్దరూ ఒకటే, ఒకడు పోస్తాడు, ఒకడు దాస్తాడు, నేను మాత్రం ఊరందరి ముందు తల వంచుకోవాలి, అని చెప్పి లేచింది. సీసాను బల్ల మీదే వదిలేసింది. వాళ్లు ఎత్తేటప్పుడు బల్ల మీది గుడ్డకు మరక పడితే పడనీ, అనుకుంది. నిజంగానే ఆ తెల్ల గుడ్డ మీద మరక పడిందనీ, ఎన్ని సార్లు ఉతికినా పోలేదనీ తర్వాత రాయిసే చెప్పాడు.

మర్నాడు షెడ్డుకు వెళ్లి, తను కొనుక్కున్న కొలత సామానంతా ట్రక్కులో పెట్టుకుంది. రేకు బోర్డును ముట్టుకోలేదు. పాడుబడ్డ మేజోళ్ల మిల్లులో ఒక గది అద్దెకు తీసుకుని, తలుపు మీద తన పేరు తనే రాసుకుంది. మొదట్లో వచ్చింది థర్మన్ ఒక్కడే. ఆయన నోరు విప్పడం తక్కువైనా, మెలితిరిగిన ఆ పంపు ఇరుసును తన లేతు పక్కన మేకుకు తగిలించాడు. అడిగినవాళ్లకు చూపించాడు. నెమ్మదిగా జనం రావడం మొదలైంది.

ఆ గదిలో వర్లీన్ ఒక్క అలవాటు మార్చుకుంది, అదీ పళ్లు బిగించుకునే. ఎవడు ఏది అడిగినా చెప్పేది. గట్టి ఇంజనున్న కొత్త కారు కొనుక్కున్న స్కూలు బస్సు డ్రైవరొకడు, దొరికినవాటిలో చిక్కటి ఆయిల్ పోయమని వచ్చాడు. ఎక్కడ నడుపుతావని అడిగింది. చర్చికి, సూపర్ మార్కెట్టుకు అన్నాడు. అయితే ఆయిల్ పోసేచోటి మూత మీద ఏది రాసుందో అదే పోసుకో, చలికాలం పొద్దున ఇంటి ముందు నుంచి నెమ్మదిగా తియ్యి, అంది. వాడు చిన్నబుచ్చుకున్నాడు. ఇంకొకడు అచ్చం అలాంటి కారే తెచ్చి, ఆగస్టులో రేసు ట్రాకు మీద రోజంతా తిప్పుతానన్నాడు. వాడి పాత ఆయిల్ తీసి చూస్తే పెట్రోలు కలిసి పలుచబడి ఉంది. వాడికి తయారీ వాళ్ల పుస్తకం ట్రాకు వాడకానికి ఒప్పుకున్న దాంట్లో ఒక మెట్టు చిక్కటిది పోసి, ఆయిల్ వేడి చూపే మీటరు బిగించి, ముల్లు ఈ గీత దాటితే ఎంత ముందున్నా సరే బయటికి వచ్చేయమంది. ఒకే కారుకు రెండు రకాలు చెబుతావేంటని బస్సు డ్రైవరు నిలదీశాడు. కారు ఒకటే, పని ఒకటి కాదు కదా నాయనా, అని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. చెప్పేటప్పుడు మొహం మాత్రం కొట్టబోతున్నట్టే ఉండేది.

ఆకులు రాలే కాలంలో రాయిస్ వచ్చాడు. ఎముక వంకరగా అతికి ఒక భుజం కిందికి దిగింది. ఇంకొక ఇంజను కట్టిపెట్టమని అడగడానికి వచ్చాడు. నిజం ఊళ్లో నీ నోటితో చెప్పావా, అని అడిగింది. నాన్న బతికుండగా ఆయన పరువు తీయలేనన్నాడు. నా పరువు తీయగలిగావు కదా, అంది. తలుపు దగ్గరగా వేసి వెళ్లమంది.

ఓడెల్ ఆ శీతకాలంలో గుండె జబ్బుతో పోయాడు. ఆసుపత్రికి ఆమె ఒకసారి వెళ్లింది. ఆయన వాన గురించి, ట్రక్కు గేర్ల గురించి మాట్లాడాడు. కొండ సంగతి ఎత్తుతాడేమోనని నర్సు వచ్చి పొమ్మనేదాకా కూర్చుంది. ఎత్తలేదు.

అంత్యక్రియల రోజు చర్చి నిండిపోయింది. పాస్టరు ఓడెల్‌ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. ఈ చేతులు కట్టిన ఇంజన్లు ఈ కౌంటీకి ఎన్ని విజయాలు తెచ్చాయో మీకందరికీ తెలుసు, ఈమధ్య కాలం దాకా కూడా, అన్నాడు.

“కట్టింది నేను” అంది వర్లీన్.

ఆమె లేవలేదు. గొంతు పెంచలేదు. కానీ చివరి బల్ల దాకా వినబడింది. పాస్టరు ఆగిపోయాడు. ముందు వరసలో మేనత్త వెనక్కి తిరిగి, శవం ముందా ఈ మాటలు, సిగ్గులేదా అని పళ్ల బిగువున అంది. ఎవరో దగ్గారు. అప్పుడు రాయిస్ లేచి నిలబడ్డాడు. వంకర భుజంతో శవపేటిక వైపే చూస్తూ మాట్లాడాడు.

“అక్క చెప్పింది నిజం. ఇరవై ఏళ్లుగా అన్నీ ఆవిడే కట్టింది. ఇంకొకటి కూడా ఉంది. బ్రష్ నాబ్ మీద ఇంజను పోయింది ఆవిడ వల్ల కాదు. ఆవిడ పోసిన ఆయిల్ తీసేసి నాన్నా నేనూ వేరేది పోశాం. ఆవిడకు చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదు. నేను చెప్పలేదు.”

కూర్చున్నాడు. పాస్టరు ఏం చేయాలో తోచక ప్రార్థన మొదలుపెట్టాడు.

ఆ తర్వాత చర్చి హాలులో భోజనాలు. హామ్, బంగాళదుంపల సలాడు, పెకాన్ పై అనే గింజల తీపిరొట్టె పెట్టారు. తండ్రిని పాడె మీద పెట్టుకుని పరువు తీశారని చుట్టాలెవరూ అక్కాతమ్ముళ్ల బల్ల దగ్గరికి రాలేదు. థర్మన్ ఒక్కడు వచ్చి, ఇద్దరికీ టీ పోసి వెళ్లిపోయాడు. వర్లీన్ పళ్లెంలో హామ్‌ను ముక్కలు ముక్కలుగా కోస్తూ కూర్చుంది. తను కోరుకున్నది జరిగింది. ఊరందరి ముందు, ఉన్నదున్నట్టు జరిగింది. ఆమెకు మాత్రం ఒంట్లో మంట ఆరలేదు. వినాల్సిన మనిషి పక్క గదిలో మూత కింద ఉన్నాడు.

“అందరిలో చెప్పినందుకు నామీద కోపంగా ఉందా?” అని అడిగాడు రాయిస్.

“ఇంత ఆలస్యంగా చెప్పినందుకు ఉంది” అంది. పళ్లెం పక్కకు నెట్టింది. “ఆయన మీద ఇంకా ఎక్కువ ఉంది. ఇంకో పదేళ్లు బతకాల్సింది. నేను దెబ్బలాడటం కూడా మొదలుపెట్టలేదు.”

రాయిస్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. వర్లీన్ కళ్ల నిండా నీళ్లున్నాయి. అరచేత్తో విసురుగా తుడుచుకుని, నీ పెకాన్ పై తినకపోతే ఇలా తే అని వాడి పళ్లెం లాక్కుంది.